ఐదు నగరాల ఢిల్లీ దర్వాజాలు: రాయిని కాపాడుకున్నాం, దారి సంగతేమిటి?

‘ఢిల్లీ దర్వాజా’ అనే పేరు ఒక్క ఢిల్లీకే పరిమితం కాదు. లాహోర్‌లో ఒక ఢిల్లీ దర్వాజా ఉంది. అహ్మదాబాద్‌లో ఒకటి, ఔరంగాబాద్‌లో (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్) ఒకటి ఉన్నాయి. హైదరాబాద్‌లో మూసీ వైపున కూడా ఒకటి ఉండేది. ఇక ఢిల్లీలోనే ఉన్న ఢిల్లీ గేటు సంగతి సరేసరి. ఒకే పేరున్న ఈ ఐదు ద్వారాలకూ పట్టిన గతి మాత్రం ఒకటి కాదు. ఒకటి ట్రాఫిక్ మధ్య కంచెలో నిలబడి ఉంది. ఒకటి ఇవాళ్టికీ జనాన్ని ఊళ్లోకి తీసుకెళ్తోంది. ఒకటి ఆనవాలు లేకుండా పోయింది. పాత కట్టడాన్ని ‘కాపాడటం’ అంటే ఏమిటన్న ప్రశ్నకు వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు కొంత తేటపడుతుంది.

పేరులోనే గమ్యం

మధ్యయుగపు కోట నగరాల్లో ద్వారానికి పేరు సాధారణంగా దాన్ని కట్టించినవాడిని బట్టి రాలేదు. అక్కడి నుంచి బయల్దేరే దారి ఎక్కడికి పోతుందో ఆ ఊరి పేరే ద్వారానికి వచ్చింది. షాజహాన్ 1639లో మొదలుపెట్టిన షాజహానాబాద్‌కు కశ్మీరీ గేటు, కాబూలీ గేటు, లాహోరీ గేటు, అజ్మీరీ గేటు అలాగే వచ్చాయి. దక్షిణాన ఉన్నది ఢిల్లీ గేటు. ఢిల్లీలో ఢిల్లీ వైపు గేటు ఏమిటన్న సందేహం రావచ్చు. షాజహాన్ కట్టింది కొత్త నగరం. పాత ఢిల్లీలు, అంటే ఫిరోజాబాద్, పురానా ఖిల్లా, ఇంకా దిగువన మెహ్రౌలీ, దానికి దక్షిణాన ఉన్నాయి. అటు తీసుకెళ్లే ద్వారం కాబట్టి ఢిల్లీ గేటు.

లాహోర్ ఢిల్లీ దర్వాజా తూర్పు గోడలో ఉంది. ఢిల్లీ నుంచి వచ్చే బాటసారులు, రాజులు, వర్తకులు అటు నుంచే ఊళ్లోకి వచ్చేవారు. ఢిల్లీలో లాహోర్ పేరిట గేటు, లాహోర్‌లో ఢిల్లీ పేరిట గేటు: ఒకే దారికి ఇవి రెండు చివరలు. ఇవాళ ఆ దారి మధ్యలో అట్టారీ-వాఘా సరిహద్దు గేటు నిలబడింది. అయినా ఏటా ఆగస్టు 15న మన ప్రధానమంత్రి జెండా ఎగరేసేది ఎర్రకోటలో లాహోరీ గేటు దగ్గరి ప్రాకారం మీదే. రాజకీయ పటాలు మారినా దారుల పేర్లు అంత త్వరగా మారవు.

ఈ పేర్ల సంగతి ఎందుకంటే, నగర ద్వారం అసలు స్వభావం వాటిలోనే ఉంది. అది చూసి మెచ్చుకోవడానికి కట్టిన కమాను కాదు. గోడ, దారి, పాలన కలిసే చోటు.

గేటు చేసే పని

కోట నగరంలో గోడ పొడవునా శత్రువును ఆపడం ఒక ఎత్తు, గోడకు తెరిపి ఉన్నచోట ఆపడం మరో ఎత్తు. అందుకే నిర్మాణ నైపుణ్యమంతా ద్వారాల దగ్గరే కనిపిస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మనకు దగ్గరలోని ఓరుగల్లే మంచి ఉదాహరణ. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన ఓరుగల్లు రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయి. వాటిలో దారి నేరుగా సాగదు. పక్కకు మళ్లి, చుట్టూ గోడలున్న ఆవరణలో పడి, మళ్లీ తిరిగితే గానీ లోపలికి చేరం. వేగంగా దూసుకొచ్చే గుర్రపు దళం అక్కడ వేగం కోల్పోతుంది. ఆవరణలో చిక్కుకున్నవాడిని పైనుంచి మూడు వైపులా కొట్టవచ్చు. ఖిలా వరంగల్‌కు వెళ్లే నేటి తారు రోడ్డు కూడా ఆ మలుపుల్లోనే తిరుగుతూ పోతుంది. ఎనిమిది వందల ఏళ్ల నాటి సైనిక ఆలోచనను ఇవాళ ఆటో డ్రైవర్ స్టీరింగ్ తిప్పుతూ పాటిస్తున్నాడన్నమాట.

గోల్కొండలో మరో పద్ధతి చూస్తాం. బాలాహిసార్ ద్వారం ఎదుట ఒక అడ్డుగోడ ఉంటుంది. తలుపు బద్దలు కొట్టడానికి ఏనుగు వెనక్కి వెళ్లి పరుగెత్తుకు రావడానికి అక్కడ చోటు చాలదు. తలుపుల మీది ఇనుప మేకులు కూడా ఏనుగుల కోసమే. ఫతే దర్వాజా తలుపుల ముందు నిలబడితే ఆ మేకులను ఇప్పటికీ చూడవచ్చు. పెద్ద తలుపులు మూసి ఉన్నప్పుడు మనుషులు ఒక్కొక్కరుగా దూరి వెళ్లడానికి ఉండేది దిడ్డి వాకిలి.

శాంతి కాలంలో ద్వారం పని వేరు. సరుకుల మీద సుంకం అక్కడే వసూలయ్యేది. పొద్దుగూకితే తలుపులు పడేవి, ఆలస్యంగా వచ్చినవాడు ఆ రాత్రికి బయటి సరాయిలో తలదాచుకోవలసిందే. ద్వారం బయట సంత, లోపల బజారు పెరిగేవి. జనం తప్పనిసరిగా దాటే చోటు కనుక ప్రభుత్వ ఉత్తర్వులు చాటడానికీ దానికి మించిన చోటు లేదు. అహ్మదాబాద్ నడిబొడ్డున ఉన్న తీన్ దర్వాజా మీద 1812 నాటి శాసనం ఒకటి ఉంది. తండ్రి ఆస్తిలో కూతుళ్లకూ వాటా ఇవ్వాలని అప్పటి మరాఠా పాలకుడు దేవనాగరి లిపిలో రాయించిన ఆజ్ఞ అది. అది చెక్కడానికి మూడు కమానుల ద్వారాన్నే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు. నగరంలో నాలుగు దారులూ తెలిసినవాడెవడైనా దాని కింది నుంచి పోవలసిందే.

గోడలు ఎలా పోయాయి

ఈ నగరాల్లో ముందుగా పోయినవి గోడలు. గేట్లు తర్వాత ఒంటరయ్యాయి.

లాహోర్‌కు పక్కా ఇటుక గోడ కట్టించింది అక్బర్. అందులో పదమూడు దర్వాజాలు ఉండేవి. 1849లో పంజాబ్‌ను కలిపేసుకున్న తర్వాత బ్రిటిష్ వారు గోడను చాలావరకు కూల్చి, కందకాన్ని పూడ్చి తోటలు వేశారు. సిక్కు సైన్యంతో రెండు యుద్ధాలు చేసి గెలిచినవారికి గోడలున్న నగరం మీద నమ్మకం ఉండదు. ఢిల్లీలో 1857 సెప్టెంబరు 14న బ్రిటిష్ ఇంజనీర్లు మందుగుండుతో కశ్మీరీ గేటు తలుపును పేల్చి లోపలికి దూరారు. ఆ గేటు గోడల మీద ఫిరంగి గుండ్ల గాయాలు ఇప్పటికీ ఉన్నాయి. తిరుగుబాటు అణిగాక గోడలో పెద్ద భాగాలు, లాహోరీ గేటు సహా కొన్ని ద్వారాలు, 19వ శతాబ్దం గడిచేలోపే కనుమరుగయ్యాయి.

అహ్మదాబాద్‌లో గోడను కూల్చింది విదేశీ సైన్యం కాదు. ఊరు పెరిగింది, మిల్లులు వచ్చాయి, గోడ అడ్డమైంది. 20వ శతాబ్దం తొలి సగంలో పురపాలక సంఘమే దాన్ని తొలగించి ఆ జాడలో రోడ్డు వేసింది. గేట్లను మాత్రం ఉంచారు.

హైదరాబాద్ గోడ కథ కూడా దాదాపు ఇదే దారి. నగరం పుట్టింది 1591లో. గోడ మాత్రం చాలా తర్వాత, చివరి మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ హయాంలో మొదలైంది. 1724లో షకర్‌ఖేడా యుద్ధంలో అతన్ని ఓడించి చంపిన నిజాం ఉల్ ముల్క్ దాన్ని పూర్తిచేయించాడు. డజనుకు పైగా దర్వాజాలు, వాటికి తోడు ఖిడ్కీలనే చిన్న ద్వారాలు ఉండేవి. 1908 మూసీ వరద, ఆ తర్వాతి నగర విస్తరణ, స్వాతంత్ర్యం తర్వాతి రోడ్ల వెడల్పు కలిసి వాటిని తుడిచిపెట్టాయి. ఇప్పుడు నిలిచి ఉన్నవి రెండే: పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. ఢిల్లీ దర్వాజా వాటిలో లేదు.

ఢిల్లీ: కంచె లోపలి గేటు

ఢిల్లీలోని ఢిల్లీ గేటు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. కశ్మీరీ, అజ్మీరీ, తుర్కమాన్ గేట్లు కూడా అంతే. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. చట్టపరంగా ఇంతకన్నా గట్టి రక్షణ మన దేశంలో లేదు.

అయితే ఫలితం చూడండి. దర్యాగంజ్ చివర రోడ్ల మధ్య చిన్న ముక్క స్థలంలో, ఇనుప కంచె లోపల గేటు నిలబడి ఉంటుంది. బస్సులు, కార్లు దాని చుట్టూ తిరిగి పోతాయి. దాని కింది నుంచి ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. గోడ ముక్కలు కొన్ని దర్యాగంజ్‌లోనే కొంత దూరంలో మిగిలి ఉన్నా, అవీ గేటూ ఒకే కట్టడంలో భాగాలని చూసేవారికి తోచదు. దాని పేరుతో 2017లో మెట్రో స్టేషన్ వచ్చింది. రోజూ వేలమంది ‘ఢిల్లీ గేట్’ దగ్గర దిగుతారు. గేటును దాటేవారు మాత్రం లేరు.

దానికి కొద్ది దూరంలో, బహదూర్ షా జఫర్ మార్గ్ మీద, ఖూనీ దర్వాజా ఉంది. ఇది 16వ శతాబ్దపు కట్టడం. 1857లో బ్రిటిష్ అధికారి హాడ్సన్ మొఘల్ రాకుమారులను ఇక్కడే కాల్చి చంపాడు. అదీ రోడ్ల మధ్య ఒంటరిగా నిలిచినదే. 2002లో పట్టపగలు ఒక వైద్య విద్యార్థినిపై అక్కడ అత్యాచారం జరిగింది. తర్వాత దానికి తాళం వేశారు. ఆ దారుణానికి కారణం కట్టడం కాదు. కానీ నగరం మధ్యలో, వాహనాల ప్రవాహం నడుమ, మనుషుల రాకపోకలు లేని చోటును తయారు చేసుకుంటే అది ఎంత నిర్మానుష్యంగా మారుతుందో ఆ ఘటన చూపింది. కాపలా కోసం కట్టిన చోటు కాపలా లేని చోటైంది.

లాహోర్: కొత్త రాయి, పాత దారి

లాహోర్ ఢిల్లీ దర్వాజా కథ దీనికి తలకిందులు. ఇప్పుడు అక్కడ కనిపిస్తున్న కట్టడం అక్బర్ కాలంనాటిది కాదు, బ్రిటిష్ కాలంలో తిరిగి కట్టినది. రాతి వయసే కొలమానమైతే ఢిల్లీలోని గేటు ముందు ఇది వెలవెలబోతుంది. కానీ దాని కింది నుంచి దారి ఇంకా నడుస్తోంది. లోపలికి అడుగుపెట్టగానే 1630లలో కట్టిన షాహీ హమామ్, కొంచెం ముందుకు పోతే వజీర్ ఖాన్ మసీదు, ఆపైన బజార్లు, చివరికి కోట. మొఘల్ పాలకులు నగరంలోకి వచ్చిన దారి ఇదే. అందుకే దీన్ని షాహీ గుజర్‌గాహ్, అంటే రాజమార్గం అంటారు.

పునరుద్ధరణ పని మొదలైనప్పుడు అక్కడివారు గేటును ఒక్కదాన్నే పట్టుకోలేదు. దారి మొత్తాన్ని ఒక కట్టడంగా తీసుకున్నారు. వేలాడే కరెంటు తీగలను భూమిలోకి పంపారు. నీటి గొట్టాలు, మురుగు కాలువలు మార్చారు. వీధికి ఇరువైపులా ఇళ్ల ముఖభాగాలు బాగుచేశారు. 2012లో పాత నగరానికంటూ ప్రత్యేక చట్టంతో ఒక ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఆగా ఖాన్ సాంస్కృతిక సంస్థ సహకారంతో హమామ్‌ను తవ్వి, శుభ్రం చేసి, పాత చిత్రాలను వెలికితీశారు. ఆ పనికి 2016లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం దక్కింది.

దీనిలో అంతా సవ్యమే అనలేం. పాత కట్టడాలకు ఆనుకుని దశాబ్దాలుగా ఉన్న దుకాణాలను తొలగించవలసి వచ్చింది. పర్యాటకుల కోసం తీర్చిదిద్దిన వీధికి, దాని వెనుక సందుల్లోని బతుకులకు మధ్య తేడా ఉంది. అయినా ఒక సంగతి కాదనలేం. ఐదింటిలో గేటుగా బతికి ఉన్నది ఎక్కువగా తిరగకట్టినదే.

వాడుకలో ఉంటే అరిగిపోదా?

ఇక్కడ పురావస్తు శాఖవారి వాదన కూడా వినాలి. గేటును వాడకంలో ఉంచితే రాయి నలుగుతుంది. ఇది నిజమే. ఔరంగాబాద్‌లో మక్కా గేటు, దాన్ని ఆనుకున్న ఖామ్ నది వంతెన మీదుగా చాలాకాలంగా వాహనాలు నడిచాయి. గోల్కొండ ఫతే దర్వాజా, బంజారీ దర్వాజాల గుండా ఇవాళ్టికీ బండ్లు పోతున్నాయి. ఒంటెలు, ఎడ్లబండ్ల కొలతలకు కట్టిన మార్గంలో లారీ దూరితే అంచులు రాసుకుంటాయి. ఒక్క లారీ అదురుకు కమాను కూలదు. రోజూ వందల సార్లు అదిరితే రాళ్ల మధ్య సున్నం పొడై రాలుతుంది. పొగ, తేమ కలిసి రాయి మీద నల్లటి పెచ్చు కడతాయి. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీద కొత్త పొర పడుతుంది కాబట్టి నేల పైకి వస్తుంది, గేటు పొట్టిదవుతుంది. వాన నీరు పునాది వైపు మళ్లుతుంది.

మరమ్మతుల పేరుతో జరిగే నష్టం కూడా తక్కువేమీ కాదు. ఈ కట్టడాలకు వాడింది డంగు సున్నం. ఇసుకతో కలిపి గానుగలో రుబ్బి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం వంటివి చేర్చి తయారు చేసేవారు. అది మెత్తగా ఉంటుంది, తేమను పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుంటుంది. లోపలి లవణాలు రాయిలోనే గడ్డకట్టి దాన్ని పెచ్చులుగా ఊడదీస్తాయి. సిమెంటు రాయికన్నా గట్టిది కాబట్టి చివరికి విరిగేది రాయే. పగుళ్లలో మొలిచిన రావి మొక్కను కొడవలితో కోసి వదిలేయడం మరో అలవాటు. వేరు లోపలే ఉండి మరుసటి వానకు రెండింతలవుతుంది.

కాబట్టి లారీలు ఆపాలనడంలో తప్పులేదు. చిక్కు అంతా లారీలతో పాటు మనుషులనూ ఆపేయడంలో ఉంది. వాహనాలకు పక్కదారి వేయడం ఒకటి, గేటు చుట్టూ కంచె వేయడం మరొకటి. మొదటిదానివల్ల రాయికి ఊపిరి ఆడుతుంది. రెండోదానివల్ల గేటుకు పని పోతుంది. మన చట్టం ప్రధానంగా నిర్మాణాల గురించి మాట్లాడుతుంది. దారి గురించి, నడక గురించి దానిలో చోటు తక్కువ. రక్షిత కట్టడాల జాబితాలో ఒక్కొక్కటీ విడి వస్తువు. కశ్మీరీ గేటుకు, అజ్మీరీ గేటుకు మధ్య ఉన్న నగరం ఆ జాబితాకు కనిపించదు.

శుభ్రం చేయడమనే ప్రమాదం

దీనికి మరో ముఖం ఉంది. కట్టడం చుట్టూ ఖాళీ చేస్తే అందంగా కనిపిస్తుందన్న ఆలోచన పేదల ఇళ్ల మీదికి బుల్డోజర్లను తేగలదు. 1976 ఏప్రిల్‌లో, ఎమర్జెన్సీ కాలంలో, తుర్కమాన్ గేటు దగ్గర నగర సుందరీకరణ పేరుతో ఇళ్లు కూల్చారు. అడ్డుకున్న జనంపై పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. షాజహానాబాద్ గేట్లలో బహుశా ఆ గేటు పేరే దేశానికి ఎక్కువగా తెలుసు, దాని శిల్పం వల్ల కాదు. వారసత్వ రక్షణ గురించి మాట్లాడేవారు ఈ తేదీని మరిచిపోకూడదు. గేటు పక్కన టీ కొట్టు, పాత సామాన్ల అంగడి, చెప్పులు కుట్టేవాడు ఉండటం గేటుకు అవమానం కాదు. పుట్టినప్పటి నుంచి దాని పక్కన ఉన్నవాళ్లు ఆ వృత్తులవాళ్లే. వారిని క్రమబద్ధం చేయాలి, కట్టడానికి మేకులు కొట్టకుండా, పొయ్యి పొగ తగలకుండా చూడాలి. వారిని ఖాళీ చేయించి పచ్చిక వేస్తే మిగిలేది ఖూనీ దర్వాజా లాంటి ఒంటరితనమే.

మన ముందున్న పని

తెలుగు నేల మీద ఈ చర్చ గతం గురించి కాదు. గోల్కొండ బయటి కోటకు ఎనిమిది దర్వాజాలున్నాయి, లోపల బస్తీలున్నాయి, వాటికి రాకపోకలు ఆ ద్వారాల గుండానే. ఓరుగల్లు కోటలో ఊరు ఉంది. హైదరాబాద్‌లో రెండు నగర ద్వారాలు మిగిలాయి. రాష్ట్ర రక్షణలోని కట్టడాల కోసం తెలంగాణ 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చుకుంది. అంటే చేతిలో కట్టడాలూ ఉన్నాయి, చట్టమూ ఉంది, వాటిని వాడుకునే మనుషులూ ఉన్నారు. ఢిల్లీకి ఇప్పుడు కావాలన్నా దొరకని మూడో సంగతి అది.

చేయవలసినవి మరీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. బరువు బండ్లకు పక్కదారి చూపి, ద్వారం ముందు ఎత్తు పరిమితి కమ్మీలు పెట్టవచ్చు. కాలినడకకు, వీలైతే రెండు చక్రాల బండ్లకు పాత దారినే ఉంచవచ్చు. కొత్త తారు పొర వేసేముందు పాతది తవ్వి తీసి నేల మట్టాన్ని పాత స్థాయికి దించవచ్చు. మరమ్మతు టెండర్లలో సిమెంటు బదులు సున్నం తప్పనిసరి చేసి, ఆ పని తెలిసిన మేస్త్రీలకే ఇవ్వవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, రక్షణ పటంలో గేటును ఒక చుక్కగా కాక దానికి ఇరువైపులా ఉన్న దారితో, ఆనుకున్న గోడతో కలిపి ఒకే కట్టడంగా గుర్తించవచ్చు. అది జరిగితే రోడ్డు వెడల్పు చేసే శాఖ, కరెంటు స్తంభం పాతే శాఖ, పురావస్తు శాఖ ఒకే కాగితం మీద సంతకం పెట్టవలసి వస్తుంది. ఇప్పుడు ఎవరి కాగితం వారిది.

హైదరాబాద్ ఢిల్లీ దర్వాజా పోయింది, దాని పేరు కూడా పాతబస్తీలో అంతగా వినిపించదు. లాల్ దర్వాజా కూడా పోయింది. కానీ ఏటా ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలకు జనం పోటెత్తుతారు. ఆ పేరున్న ద్వారాన్ని వారిలో ఎవరూ చూసి ఉండరు. పేరు నిలిచింది అక్కడికి జనం నడిచి వస్తున్నందుకే. రాయి ఇంకా మిగిలి ఉన్న పురానాపూల్, దబీర్‌పురాల దగ్గర మనం నిలబెట్టవలసింది కూడా ఆ నడకనే.